నగరం మన్నికకు కొలబద్ద ఏది?
(తృతీయ బి.ఎస్సీ., రసాయనశాస్త్ర విభాగం)

ఈ రోజుల్లో నగరాలకు కూడా మార్కులు, ర్యాంకులు వచ్చేశాయి. నివసించడానికి అనువైన నగరం ఏది, పరిశుభ్రమైన నగరం ఏది, సుస్థిరమైన నగరం ఏది అంటూ పత్రికల్లో జాబితాలు పడుతూ ఉంటాయి. మన ఊరు పైన ఉంటే పొంగిపోతాం, కింద ఉంటే చిన్నబుచ్చుకుంటాం. కాని ఆ అంకె ఎలా వచ్చింది, దేనిని కొలిచారు, దేనిని వదిలేశారు అని అడిగేవారు తక్కువ. సైన్సు విద్యార్థులుగా ఆ ప్రశ్న అడగటం మన వంతు. నగరాన్ని ఎలా కొలుస్తున్నారో చెప్పి, మన రాజమహేంద్రవరాన్నే ఉదాహరణగా తీసుకుని నాలుగు లెక్కలు కట్టి చూపాలని ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

సుస్థిరత అంటే?

'సుస్థిర అభివృద్ధి' అనే మాటకు బాగా ప్రచారం తెచ్చింది 1987లో వెలువడిన బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక. రాబోయే తరాల అవసరాలకు చేటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవటమే సుస్థిర అభివృద్ధి అని దాని సారాంశం. రైతు కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా విత్తనాలకు దాచిన వడ్ల జోలికి ఎవరూ పోరు. ఆ వడ్లు దంచుకుంటే ఈ నెల గడుస్తుంది, వచ్చే ఏడు పొలం బీడు పడుతుంది.

నగరంలోనూ రెండు వేరువేరు విషయాలున్నాయి. ఒకటి, ఈ రోజు అక్కడ బ్రతుకు ఎంత సుఖంగా ఉంది? రెండు, ఆ సుఖం ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఎవరి ఖర్చుతో నిలుస్తుంది? మొదటిదాన్ని సౌకర్యం అందాం. రెండవదాన్ని మన్నిక అందాం. చాలా జాబితాల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోతున్నాయి.

మంచి కొలతకు లక్షణాలు

మంచి కొలత ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజి దగ్గర గోదావరి నీటిమట్టం చూడండి. 11.75 అడుగులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఆ మట్టాలకు సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోతుంది. 1986 ఆగస్టులో వచ్చిన మహా వరదలో అది 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది.

ఈ కొలతలో మూడు గుణాలున్నాయి. ఏటా ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలుస్తారు కాబట్టి ఏడాదికీ ఏడాదికీ పోల్చవచ్చు. ఏ అంకెకు ఏం చెయ్యాలో ముందే తెలుసు కాబట్టి 'రెండో హెచ్చరిక ఇచ్చారంట' అనగానే లంకల్లో పశువులను గట్టుకు తోలేస్తారు. ఇక, బడి మొహం చూడని ముసలమ్మకు కూడా ఆ అంకె అర్థమవుతుంది. నగరాల కొలతల్లో ఈ మూడు గుణాలూ ఉన్నాయా అని చూద్దాం.

ఇప్పుడు వాడుకలో ఉన్న కొలబద్దలు

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2014లో ఐ.ఎస్.ఓ. 37120 పేరుతో నగర సేవలకు, జీవన నాణ్యతకు ఒక సూచికల పట్టిక ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 11వది నగరాలకు సంబంధించినదే.

మన దేశంలో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2018లో 111 నగరాలకు 'సులభ జీవన సూచీ' ప్రకటించింది. ఇంగ్లీషులో ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్ అన్నారు. అందులో 78 సూచికలు. మొదటి స్థానం పుణెకు, నాలుగవ స్థానం మన తిరుపతికి దక్కాయి. బెంగళూరుకు 58వ స్థానం వచ్చింది. 2021 మార్చిలో రెండవ జాబితా వచ్చింది. ఈసారి సూచికలు 49. జీవన నాణ్యతకు 35 మార్కులు, ఆర్థిక సామర్థ్యానికి 15, సుస్థిరతకు 20, పౌరుల అభిప్రాయానికి 30. పది లక్షల జనాభా దాటిన నగరాలకు ఒక పట్టిక, దాటని వాటికి మరొక పట్టిక వేశారు. పెద్ద నగరాల్లో బెంగళూరు మొదటిది అయింది. చిన్న నగరాల్లో సిమ్లా మొదటిది, మన కాకినాడ నాలుగవది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మూడేళ్ళలో బెంగళూరు 58 నుంచి 1కి వచ్చింది. నిజంగా ఊరు అంత మారిపోయిందా? ఎక్కువగా మారింది కొలబద్ద. సూచికలు మారాయి, దేనికెన్ని మార్కులో మారింది, పట్టిక రెండుగా విడిపోయింది. గజం బద్ద మార్చి కొలిచి, పొలం పెరిగిందని ఎవరూ అనరు కదా! 2024 వేసవిలో అదే బెంగళూరులో బోర్లు ఎండిపోయి, నీళ్ళ ట్యాంకర్ల కోసం జనం బారులు తీరారు. కావేరి నీళ్ళు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పైకి తోడుకుని బ్రతికే ఊరు అది. సౌకర్యానికి వేసిన మార్కులు మన్నికకు హామీ ఇవ్వవని దీనివల్ల తెలుస్తున్నది.

రాజమహేంద్రవరం సంగతి వేరు. స్మార్ట్ సిటీల్లోనూ, పది లక్షల నగరాల్లోనూ మన ఊరు లేదు కాబట్టి ఆ పట్టికలో చోటు దొరకలేదు. ఎవరూ కొలవకపోతే మనమే కొలుద్దాం.

రాజమహేంద్రవరాన్ని లెక్క కడితే

2011 జనాభా లెక్కల ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలో జనం 3 లక్షల 40 వేల పైచిలుకు. వైశాల్యం సుమారు 44 చదరపు కిలోమీటర్లు, అంటే 11 వేల ఎకరాలకు కాస్త అటూఇటూ. నేను 3 లక్షల 40 వేలనే తీసుకుంటున్నాను. ఇప్పటి జనం అంతకంటే ఎక్కువే కాబట్టి కింది లెక్కలన్నీ తగ్గించి చెప్పినవే అవుతాయి.

(1) తిండి: ఒక నగరం బ్రతకడానికి ఎంత భూమి కావాలో లెక్కకట్టే పద్ధతిని 1990 దశకం మొదట్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్, మాథిస్ వాకర్నాగెల్ రూపొందించారు. దానికి 'పర్యావరణ పాదముద్ర' అని పేరు. మన లెక్కలో చూద్దాం. మనిషికి నెలకు 8 కిలోల బియ్యం అనుకుంటే ఏడాదికి దాదాపు ఒక క్వింటాలు. ఊరు మొత్తానికి 3 లక్షల 40 వేల క్వింటాళ్ళు. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండాయనుకుంటే 22.5 క్వింటాళ్ళ ధాన్యం, ఆడిస్తే సుమారు 15 క్వింటాళ్ళ బియ్యం. అంటే ఒక పంట మీద ఈ ఊరి అన్నానికి 22 వేల పైచిలుకు ఎకరాలు కావాలి. ఒక్క బియ్యానికే ఊరికి రెండింతలు భూమి! కూర, పాలు, కట్టెలు, ఇటుక, ఇసుక ఇంకా లెక్కలోకి రాలేదు. ఊరు పెరిగి చుట్టుపక్కల చేలు ప్లాట్లు అవుతుంటే, తినేవాళ్ళు పెరగటం, పండే నేల తగ్గటం రెండూ ఒక్కసారే జరుగుతాయి.

(2) పచ్చదనం: 2014లో కేంద్రం ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలి. పదే తీసుకున్నా మన ఊరికి 34 లక్షల చదరపు మీటర్లు, అంటే 840 ఎకరాల పార్కులు, మైదానాలు కావాలి. పక్కనే కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశంలోని ఊళ్ళన్నిటికీ లారీల మీద మొక్కలు పోతున్నాయి. ఆ లారీలు పోయే దారిలో ఉన్న మనం ఎన్ని ఎకరాల్లో నాటుకున్నామో వార్డుల వారీగా లెక్క వేసుకోవాలి.

(3) గాలి: 2.5 మైక్రాన్లకు లోబడిన సన్నని ధూళి ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని మన జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5 మాత్రమే. కొలబద్ద మార్చితే అదే గాలి ఒకచోట ప్యాసు, మరొకచోట ఫెయిలు. ఆనం కళాకేంద్రం దగ్గర నిరంతరం గాలిని కొలిచే యంత్రం ఉంది. అది చెప్పేది ఆ చుట్టుపక్కల గాలి సంగతి. లారీలు తిరిగే రోడ్డు పక్కన రోజంతా బడ్డీ పెట్టుకుని కూర్చునే మనిషి పీల్చే గాలి సంగతి అది చెప్పదు.

(4) నీరు, మురుగు: ఇదే ముఖ్యమైనది గనుక కాస్త వివరంగా వ్రాస్తాను. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలని మన దేశంలో ప్రమాణం. ఆ లెక్కన ఊరికి రోజుకు సుమారు 4 కోట్ల 60 లక్షల లీటర్లు కావాలి. వాడిన నీటిలో నూటికి 80 వంతులు మురుగుగా బయటకు వస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే 3 కోట్ల 70 లక్షల లీటర్లు. రైతుల భాషలో చెప్పాలంటే, ఒక క్యూసెక్కు రోజంతా పారితే 24 లక్షల 50 వేల లీటర్లు కాబట్టి, ఇది 15 క్యూసెక్కుల పిల్లకాలువ.

'ఇంత గోదావరిలో 15 క్యూసెక్కులు ఒక లెక్కా?' అని ఎవరైనా అనవచ్చు. లెక్కే చేద్దాం. నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పేది బి.ఓ.డి. అనే కొలత. నీటిని 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి చూస్తారు. స్నానానికి పనికివచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదు. శుద్ధి చేయని మురుగులో 200 దాకా ఉంటుంది. నదిలో అప్పటికే 1.5 ఉన్నదనుకుందాం. అప్పుడు 15 క్యూసెక్కుల మురుగు కలిసినా బి.ఓ.డి. 3 దాటకుండా ఉండాలంటే దాదాపు 2,000 క్యూసెక్కుల నది నీరు కావాలి. అది కూడా పూర్తిగా కలిసిపోతేనే. మురుగు గట్టు వెంబడే చాలా దూరం పోతుంది కనుక రేవుల్లో పరిస్థితి ఇంకా కష్టం. వరదల్లో లక్షల క్యూసెక్కులు పారేటప్పుడు ఇదేమంత కాదు. దాళ్వా నాటికి నదిలో నీరు సన్నగిల్లి, సీలేరు నుంచి వదిలే నీళ్ళ కోసం డెల్టా రైతు ఎదురుచూసే రోజుల్లో మాత్రం 2,000 క్యూసెక్కులంటే మాటలు కాదు. శుద్ధి చేసి వదిలిన ప్రతి క్యూసెక్కూ ఈ భారాన్ని తగ్గిస్తుంది. కనుక ఎన్ని ఇళ్ళకు కుళాయి ఉందనే ప్రశ్న పక్కనే, ఎన్ని క్యూసెక్కులు శుద్ధి అయి నదిలో కలుస్తున్నాయనే ప్రశ్నా వెయ్యాలి. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించినప్పుడు వాటిలో రాజమహేంద్రవరం దగ్గరి గోదావరి భాగం కూడా ఉంది. నల్లా ఛానల్ పేరు ఊళ్ళో తెలియనివారు లేరు.

సగటు చేసే మాయ

మా పల్లెల్లో కోతల కాలంలో అధికారులు పంట కోత ప్రయోగం చేస్తారు. ఎంపిక చేసిన చేలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాడు కట్టి, ఆ మేరకు కోసి, నూర్చి తూకం వేస్తారు. ఆ 25 చదరపు మీటర్ల గింజలను 162తో హెచ్చవేస్తే ఎకరా దిగుబడి వస్తుంది. పద్ధతి శాస్త్రీయమైనదే. చేలను లాటరీ వేసినట్టు ఎంచుతారు గనుక పక్షపాతం ఉండదు. అయితే కాలువ తూము పక్క చేలో 40 బస్తాలు, నీరందని శివారు చేలో 10 బస్తాలు పండితే సగటు 25 అని వస్తుంది. శివారు రైతు అప్పు ఆ సగటులో కనబడదు.

నగరానికీ శివారు ఉంది. సగటున మనిషికి ఇన్ని లీటర్లు అన్నప్పుడు, తెల్లవారుజామున బిందెల వరసలో నిలబడే వీధి ఆ సగటు కింద దాక్కుంటుంది. అందుచేత సగటుతోపాటు అట్టడుగున ఉన్న వార్డు అంకె కూడా విడిగా ప్రకటించాలని నా అభిప్రాయం.

ఊరి పొలిమేర ఎక్కడ?

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ సూచీలన్నీ మునిసిపల్ హద్దు లోపలే కొలుస్తాయి. నీరు మాత్రం హద్దు దగ్గర ఆగదు. మ్యాపు తీసి చూడండి. రాజమహేంద్రవరం దాటగానే ధవళేశ్వరం. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి అక్కడే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు మొదలవుతున్నాయి. అవి పది లక్షల ఎకరాలకు నీరిస్తాయి. పంటకే కాదు, తాగటానికి కూడా. ఊరు నదిలో వదిలింది బ్యారేజి ముందు నిలిచి, కాలువల్లోకి మళ్ళి, పల్లెల చెరువుల్లోకి చేరుతుంది.

మాది మధ్య డెల్టాలో ఒక కాలువ శివారు పల్లె. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువు నింపుకుంటారు. మళ్ళీ కాలువలు వదిలేదాకా ఊరంతటికీ అవే నీళ్ళు. మా మామ్మ ఇప్పటికీ బిందె లోపల ఇండుపగింజ అరగదీసి, నీళ్ళు తేరాక వడపోస్తుంది. ఇండుపగింజ బురదను అడుక్కు దింపుతుంది, నిజమే. కంటికి కనిపించని క్రిముల పని మాత్రం అది పట్టదు. వాటికి మరగబెట్టడమో, క్లోరిన్ కలపడమో ఉండాలి. తేటగా ఉన్న నీరు శుభ్రమైన నీరు అనుకోవటం ఎంత ప్రమాదమో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

నగరాల ర్యాంకుల సంగతి నేను ఇంట్లో చదివి వినిపిస్తే మా నాన్న అంతా విని, "బాగానే ఉందమ్మా, ఊరికి మార్కులేశారు. ఆ ఊరు దాటొచ్చిన నీళ్ళు తాగేవాళ్ళని ఎవరన్నా అడిగారా?" అన్నారు. 49 సూచికల్లో లేని ప్రశ్న అది. పౌరుల అభిప్రాయానికి 30 మార్కులు పెట్టారు, మంచిదే. కాని ఆ పౌరులు ఊరి లోపలివారే. దిగువవారి అభిప్రాయానికి ఒక్క మార్కూ లేదు.

అలాగని నగరం మీద పల్లెకు కోపం ఉండాలని నేను అనటం లేదు. మా ఊరి పిల్లలు చదువుకోవడానికి, జబ్బుపడినవాళ్ళు పెద్దాసుపత్రికి, ధాన్యం, కొబ్బరి అమ్ముకోవడానికి ఈ ఊరే దిక్కు. పల్లెల్లో కూడా మురుగు కాలువలోకే పోతున్నది, పొలంలో కొట్టిన మందు కాలువలోకే దిగుతున్నది. మా దిగువన కూడా పల్లెలు ఉన్నాయి. ఎగువవాడి బాధ్యత దిగువవాడి చెరువు దగ్గర కొలవాలన్న సూత్రం అందరికీ వర్తిస్తుంది.

మనం చేయగల పని

ఇదంతా ప్రభుత్వాలు చేయవలసిన పని అని చేతులు కట్టుకోనవసరం లేదు. మన కళాశాల ప్రయోగశాలలో ఉన్న సామగ్రితోనే కొంత చేయవచ్చు.

ఒకటి: నెలకొకసారి కోటిలింగాల రేవు, పుష్కర ఘాట్, గౌతమి ఘాట్, ధవళేశ్వరం, ఆపైన ఏదైనా ఒక డెల్టా పల్లె చెరువు, ఈ ఐదు చోట్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవాలి. విన్‌క్లర్ పద్ధతి మనందరికీ తెలిసినదే. గాలిబుడగ లేకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షార పొటాషియం అయొడైడు కలిపితే అవక్షేపం వస్తుంది. అది గోధుమరంగుకు తిరిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే లేనట్టు. ఆమ్లంలో కరిగించి, పిండి ద్రావణం సూచికగా హైపోతో టైట్రేషన్ చేస్తే అంకె వస్తుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గితే స్నానానికి కూడా తగదని ప్రమాణం.

రెండు: వాన వెలిసిన తరువాత ఏ వీధిలో నీరు ఎన్ని గంటలు నిలిచిందో ఆ వీధిలో ఉండే విద్యార్థి వ్రాసి పెట్టాలి. దీనికి గడియారం చాలు.

మూడు: ఎన్.ఎస్.ఎస్. తరఫున లాటరీ పద్ధతిలో ఎంచిన ఇళ్ళకు వెళ్ళి నీరు, గాలి, చెత్త, రాకపోకల గురించి పది ప్రశ్నలు అడగాలి. అవే ప్రశ్నలు దిగువ పల్లెలోనూ అడగాలి. రెండు జవాబులూ పక్కపక్కన అచ్చువేయాలి.

ఈ పనికి ఇదే అదను. 2015 పుష్కరాల మొదటి రోజున పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక ఘాట్ ఎంతమందిని భరించగలదు అన్నది కూడా ముందుగా కొలిచి పెట్టుకోవలసిన అంకే అని ఆ రోజు చెప్పింది. 2027లో మళ్ళీ పుష్కరాలు. లక్షలమంది వచ్చి మునిగే నీరు ఎలా ఉందో పుష్కరాలకు ముందూ, అప్పుడూ, తరువాతా ఒకే పద్ధతిలో కొలిచిన అంకెలు ఉంటే వాదనలకు తావుండదు.

అధ్యాపకులకు, పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. వచ్చే ఏడాది ఈ సంచికలో ఒక పుట ఆ ఐదు చోట్ల అంకెలకు కేటాయించండి. ఆ పైఏడు మరొక పుట. పదేళ్ళ తరువాత ఈ కళాశాలకు వచ్చే విద్యార్థికి, ఊరు బాగుపడిందో పాడయిందో ఎవరి ర్యాంకు కోసమూ ఎదురుచూడకుండా ఆ పుటలు తిరగేస్తే తెలిసిపోవాలి. చివరి గడి మాత్రం ఎప్పుడూ దిగువ పల్లె చెరువుదే కావాలి. ఆ గడిలో అంకె బాగుంటేనే పైన ఉన్న నగరం బాగున్నట్టు.